పట్టపు గుర్రం వీపున గారెల పిండి

వింజామర కోటకు ఏడు ప్రాకారాలు. దాని బురుజులు మబ్బుల పొట్టలో గుచ్చుకుంటాయనీ, అందుకే ఆ రాజ్యంలో ఏటా రెండు వానలు ఎక్కువ పడతాయనీ ఆస్థాన కవులు రాశారు. కోట చుట్టూ కందకం, కందకం నిండా తామరలు, తామరల మీద తుమ్మెదలు, తామరల కింద మొసళ్ళు. తూర్పు ద్వారానికి వెండి రేకుల తాపడం. పొద్దున్నే సూర్యుడు దాని మీద పడితే ఆ మెరుపుకు కావలివాళ్ళు కళ్ళు మూసుకుని కునుకు తీస్తారు. దాన్ని సూర్యనమస్కారం అంటారు. ఇంత వైభవం గల కోటలో, ఆ ఉదయం, కాబోయే మహారాజు మకరాంకుడు కుడితి తొట్టిలో కూర్చుని ఉన్నాడు.

తనంతట తాను కూర్చోలేదు. పట్టపు గుర్రం కూర్చోబెట్టింది.

ఆ గుర్రం అసలు పేరు త్రిభువనవిజయ తురంగరత్నం. ఆ పేరు పిలవడం పూర్తయ్యేలోగా గుర్రం పక్క ఊరు చేరుతుంది కనుక లాయంలో అందరూ దాన్ని చుక్కడు అనే పిలుస్తారు. కాటుక లాంటి ఒళ్ళు, నుదుటి మీద మల్లెమొగ్గంత తెల్లచుక్క. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కరవని జీవి. అలాంటిది, వీపు మీద బంగారు జీను పడగానే వణికిపోయి, యువరాజు ఎక్కగానే వెనక కాళ్ళు గాలిలోకి విసిరింది.

"ప్రభూ! లేవకండి!" అంటూ పరుగెత్తుకొచ్చాడు ఆస్థాన మాంత్రికుడు ఉలూకదత్తుడు. మోకాళ్ళ దాకా గడ్డం, గుడ్లగూబ కళ్ళు, చేతిలో పుర్రె. "ఈ గుర్రానికి బ్రహ్మరాక్షసి పట్టింది. నాకు ధారపోయండి. నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటాడో వివరంగా చెప్పలేదు. పట్టపు గుర్రం పద్దెనిమిది వెన్నుపూసలు మాల గుచ్చి మెడలో వేసుకుంటే పద్దెనిమిది రాజ్యాలు కాళ్ళ కిందికి వస్తాయని అతను ఎక్కడో తాళపత్రంలో చదివాడు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. చదివిన నాటి నుంచీ చుక్కడి వీపు వంక, పెళ్ళిలో ఆకలిగా ఉన్నవాడు బూరెల గంప వంక చూసినట్టు చూస్తున్నాడు.

మకరాంకుడు తొట్టిలోంచి లేవబోయి, లేవలేక, అక్కడి నుంచే అన్నాడు. "వాణ్ణి నేను బొడ్డూడని పిల్లప్పటి నుంచి ఎరుగుదును, ఉలూకదత్తా. నా చేతిలో అరిసెలు తిన్నాడు. వాణ్ణెలా ఇస్తాను?"

"ఆచారం ఒప్పుకోదు కదా, ప్రభూ," అని నవ్వాడు మాంత్రికుడు.

ఆ మాట నిజం. వింజామరలో సింహాసనం మీద కూర్చున్నంత మాత్రాన ఎవడూ రాజు కాడు. సింహాసనం మీద పిల్లి కూడా కూర్చుంటుంది, ఇప్పటికి మూడుసార్లు కూర్చుంది. విజయదశమి నాడు పట్టపు గుర్రం మీద కోట గోడ లోపలి వీధి వెంట మూడు చుట్లు తిరిగి, తూర్పు ద్వారం చేరాలి. మూడో చుట్టు అయిన క్షణాన ద్వారం మీద నగారా మోగుతుంది. నగారా మోగగానే, కొత్త రాజు మనసు మార్చుకుని పారిపోకుండా, కందకం మీది వంతెన ఎత్తేస్తారు. పొద్దుగూకేలోగా మూడో చుట్టు పూర్తి కాకపోతే గుర్రం అశుభమని తేలినట్టు. దాన్ని ఆస్థాన మాంత్రికుడికి ధారపోయాలి.

విజయదశమి ఇంకా నలభై రోజులుంది. "గుర్రాన్ని బాగుచేసిన వాళ్ళు ఏది కోరితే అదిస్తా"నని మకరాంకుడు దండోరా వేయించాడు.

*

ఆ దండోరా తోళ్ళవీధికి వచ్చేసరికి జీనులు కుట్టే మాచన గారెలు తింటున్నాడు. అతనికి పెళ్ళయి పందొమ్మిది రోజులు. భార్య నూకాలు పొయ్యి ముందు కూర్చుని, పిండిని అరిటాకు మీద తట్టి, నడిమి వేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చుతోంది. ఆ వేలు పిండిలో దిగడం చూడటానికే మాచన మూడు రోజులుగా పని మానేసి గారెలు అడుగుతున్నాడు. నూకాలుకు ఆ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే చిల్లు కొంచెం నెమ్మదిగా పెడుతోంది.

"మావా, దండోరా విన్నావా? ఊరికే మనిషిని పడేసే గుర్రమా అది?"

"బ్రహ్మరాక్షసి పట్టిందట."

"పడితే మెడ పట్టుకోవాలి గానీ వీపెందుకు పట్టుకుంటుంది? ఎప్పుడు వణికిందంట?"

"జీను వెయ్యగానే."

"ఆ జీను కుట్టిందెవరు?"

నోట్లో గారె అక్కడే ఆగిపోయింది. మాచన గుటక వేసి, "నేనే," అన్నాడు. "మన పెళ్ళిచూపులైన వారం. ముందు వంపు మీద బంగారు నెమలిని కూడా కుట్టాను. నెమలి మెడ కుడుతుంటే నీ మెడే గుర్తొచ్చింది."

"మెడ సంగతి తరవాత. ఎవరి కొలతతో కుట్టావు?"

"యువరాజు గారి కొలతతో. వెడల్పు మూడు జానలు. ఆయన కూర్చునే చోటు కదా."

"మరి గుర్రం కొలత?"

"గుర్రానికి కొలతేమిటే?"

నూకాలు గరిటె వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అతని మొహం చూసి మళ్ళీ నవ్వింది. ఆమె తండ్రి సముద్రపొడ్డు నుంచి ఇరవై తట్టువల మీద ఉప్పు తోలేవాడు. ఆ పొట్టి గుర్రాల వీపుల మీదే ఆమె పెరిగింది. "మావా! ఉప్పు బస్తాను కొలిచి తట్టువ వీపుకి గంత కుట్టినట్టుంది నీ పని. మోసేది ఎవరయ్యా?"

మాచన తప్పు మాచన ఒక్కడిదే కాదు. పట్టపు గుర్రం వీపుకు తాడు పెట్టి కొలవడం వింజామరలో నిషేధం. మకరాంకుడి ముత్తాత ఒకాయన గుర్రాన్ని కొలిపించిన మర్నాడే కన్నుమూశాడు. అందుచేత ఆ వీపును కొలిస్తే రాజు ఆయువును కొలిచినట్టేనని శిలాశాసనం వేయించారు. ఆ ముందు రోజు ముత్తాతగారు ఒక్కరే నిండు పనసపండు ఆరగించారన్న సంగతి శాసనంలో చెక్కడానికి చోటు చాలలేదు. నాటి నుంచీ జీనులన్నీ ఎక్కేవాడి కొలతకే కుడుతున్నారు. ఇంతకు ముందు గుర్రాల అదృష్టం కొద్దీ రాజులు బక్కపలచగా ఉండేవారు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు మాచన. "వెళ్ళి జీను తప్పని చెబితే నా తల తీస్తారు. చెప్పకపోతే ఆ నోరులేని జీవి వెన్ను తీస్తాడు ఆ మాంత్రికుడు."

"నీ తల నాక్కావాలి," అంది నూకాలు. "పందొమ్మిది రోజులేగా అయింది. గుర్రం వెన్నూ కావాలి. పద, రెండూ దక్కించుకుందాం. నీ దగ్గర జీనుల్లో కూరే గుర్రపు వెంట్రుకలు ఎన్ని ఉన్నాయి?"

*

మర్నాడు పొద్దున్న కోట వాకిట హిమాలయాల నుంచి దిగివచ్చిన హయానందస్వామి ప్రత్యక్షమయ్యాడు. బొడ్డు దాకా నల్లని గడ్డం, జటలు, ఒళ్ళంతా బూడిద. పక్కనే కాషాయం కట్టిన శిష్యురాలు.

"గురువుగారు పన్నెండేళ్ళ మౌనవ్రతంలో ఉన్నారు," అని శిష్యురాలు ప్రకటించింది. అసలు కారణం వేరు. మాచన అబద్ధమాడితే చెవులు తాటిముంజెల్లా ఉబ్బి ఎర్రబడతాయి. "వారు తల ఊపితే నేను చెబుతాను. వారు ఊపకపోయినా నేనే చెబుతాను."

లాయంలో చుక్కడు తల వేలాడేసి నిలబడి ఉంది. ఎదుట ఉలూకదత్తుడు నిప్పుల కుంపటి పెట్టుకుని మూడు ఇనప చువ్వలు ఎర్రగా కాలుస్తున్నాడు.

"వీపు మీద తొమ్మిది వాతలు పెడితే రాక్షసి పారిపోతుంది," అన్నాడు.

"పారిపోతే మంచిదే," అంది నూకాలు. "ముందు మీ వీపు మీద ఒకటి పెట్టి చూపించండి స్వామీ. మీ ఒంట్లోంచి ఎవరు పారిపోతారో చూసి, తరవాత గుర్రం సంగతి చూద్దాం."

గుర్రాల కాపరులు నవ్వు ఆపుకోలేక గడ్డిలో మొహాలు దాచుకున్నారు. మకరాంకుడు మాత్రం పైకే నవ్వేసి చువ్వలు ఆర్పించాడు.

మాచన తడి చెయ్యి చుక్కడి మెడ మీద వేసి, మెల్లగా వెన్ను వెంట జరిపాడు. మూపు దాటగానే ఆ నల్లని చర్మం అలలా వణికింది. వీపు కిందికి కుంగింది. చెవులు వెనక్కి వాలాయి. వెన్నుకు అటూ ఇటూ అరచేతులంత రెండు వాపులు, వేడిగా. సరిగ్గా తను బంగారు నెమలి కుట్టిన వంపు కింద. ఎడమ వాపు మీద ఈగ వాలింది. దాన్ని తోలడానికి చుక్కడు తోక ఎత్తబోయి, సగంలో నొప్పి పుట్టి దించేసుకుంది.

గడ్డం వెనక మాచన కళ్ళు నిండాయి. తలెత్తి భార్య వంక చూశాడు.

"గురువుగారు ఏమంటున్నారంటే," అంది నూకాలు, "రాక్షసి లేదు, గీక్షసి లేదు. వెన్ను నలిగింది. నలభై రోజుల్లో నయమవుతుంది. అంతవరకు ఈ వీపు మీద పూలదండ కూడా పడకూడదు."

*

మొదటి పది రోజులూ వైద్యం చూసి ఉలూకదత్తుడు పగలబడి నవ్వాడు. మంత్రం లేదు, ముగ్గు లేదు. వేయించిన ఉప్పు మూటకట్టి గోరువెచ్చగా కాపడం. పైన ఆముదం రాసిన ఆకులు. చుక్కణ్ణి కట్టేయకుండా నీడలో వదిలేసి, మేత తొట్టిని నేల మీద పెట్టించడం. తల కిందికి వంచి మేస్తే వెన్ను సాగుతుందని నూకాలు తండ్రి చెప్పేవాడు. వాపులు చల్లబడ్డాయి.

పదకొండో రోజున అసలు విడ్డూరం మొదలైంది. మాచన చుక్కడి పొట్ట కింద చెయ్యి పెట్టి, నడిమి గీత మీద వేళ్ళతో గోకాడు. చుక్కడు పొట్ట బిగించి, వీపును విల్లులా పైకి ఎత్తింది.

"పట్టపు గుర్రానికి చక్కిలిగిలా!" అని ఉలూకదత్తుడు గావుకేక పెట్టాడు. "అపచారం!"

"కింద గిలి పెడితే పైన వీపు లేస్తుంది. కుంగిన వీపుకు అదే కసరత్తు," అంది నూకాలు. "మీకూ పెట్టమంటారా స్వామీ? మొహానికి కాస్త కసరత్తు దొరుకుతుంది."

తరవాత బెల్లం. నూకాలు బెల్లం ముక్కను చుక్కడి ఎడమ డొక్క దగ్గర చూపిస్తుంది. చుక్కడు మెడ వంచి అందుకుంటుంది. తరవాత కుడి డొక్క దగ్గర. తరవాత ముందు కాళ్ళ మధ్య. ప్రతి నాలుగో ముక్కా గురువుగారి గడ్డం కింద మాయమవుతుంది. ఒకసారి కాపరి ఒకడు చూసి, "గురువుగారికి కూడా మెడ నొప్పా అమ్మా?" అని అడిగాడు. "చాలా ఉంది," అంది నూకాలు, సిగ్గు లేకుండా.

మకరాంకుడు రోజూ పొద్దున్నే వచ్చి, "ఇవాళ ఎక్కవచ్చునా?" అనేవాడు. ఇతణ్ణి ఎక్కకుండా ఆపడం గుర్రానికి వైద్యం చెయ్యడం కంటే కష్టమని నూకాలుకు అర్థమైంది. వెంటనే ఒక వ్రతం కల్పించింది. దాని పేరు అశ్వానుగమన వ్రతం. గుర్రం ఎంత నడిస్తే ఎక్కేవాడు అంతా నడవాలి. చుక్కణ్ణి కొండవాలు మీద నెమ్మదిగా ఎక్కించారు. పక్కన మకరాంకుడు రొప్పుతూ ఎక్కాడు. నేల మీద వరసగా పరిచిన వెదుళ్ళను చుక్కడు కాళ్ళెత్తి దాటింది, మకరాంకుడూ దాటాడు. ఏటిలో మోకాలి లోతున నడిచాయి ఆరు కాళ్ళూ. వెనక్కి నడిపించే కసరత్తులో మాత్రం మకరాంకుడు రెండుసార్లు ముళ్ళపొదలో కూర్చున్నాడు.

ఇరవై రోజులు తిరిగేసరికి గుర్రం వీపు నిండింది. యువరాజు నడుము తగ్గింది. వడ్డాణం జారి పాదాల మీద పడితే అతను దాన్ని చేతిలోకి తీసుకుని, చిన్నపిల్లాడిలా అంతఃపురమంతా చూపించి వచ్చాడు.

ఉలూకదత్తుడి నవ్వు ఆగిపోయింది.

*

ఇరవై ఏడో రోజు, మిట్టమధ్యాహ్నం. మాంత్రికుడు తన గదిలో ఏడు రంగుల పొగ వేసి, జోరీగ రూపం దాల్చాడు. గుండ్రని పొట్ట, ఆకుపచ్చ కళ్ళు, సూది లాంటి ముక్కు. గడ్డం మాత్రం రూపం మార్చుకోవడానికి ఒప్పుకోలేదు, కనుక గడ్డమున్న జోరీగ అయ్యాడు. ఝుమ్మని లాయంలోకి దూరాడు. పాత గాయం మీద ఒక్క పోటు పొడిస్తే గుర్రం మళ్ళీ కూలబడుతుందని అతని ఎత్తు.

చుక్కడు కళ్ళు మూసుకుని జొన్నచొప్ప నములుతోంది. జోరీగ వీపు మీద వాలింది. ముక్కు సవరించుకుంది. వంగింది.

ఛెళ్ళు!

ఇరవై ఏడు రోజుల కింద సగానికి మించి లేవని తోక, గాలిని చీల్చుకుంటూ వచ్చి వీపు మీద పడింది. జోరీగ లాయం ఆ కొస నుంచి ఈ కొసకు ఎగిరిపడి, కుడితి తొట్టిలో మునిగి, ఉలూకదత్తుడై పైకి తేలింది. ఎడమ చెంప మీద తోక అచ్చు.

"తోక ఊపాడు!" అని మాచన ఆనందం పట్టలేక అరవబోయి, నూకాలు కాలు తొక్కితే ఊరుకున్నాడు.

ఆ చప్పుడుకు మకరాంకుడు వచ్చాడు. "ఉలూకదత్తా, తొట్టిలో ఏం చేస్తున్నావు? అది నా చోటు కదా?"

మాంత్రికుడు గడ్డంలోంచి తవుడు పిండుకుంటూ పళ్ళు కొరికాడు. "జపం, ప్రభూ! జపం! తోక ఊపితే సరా? వీపు బాగుంటే ఇప్పుడే బంగారు జీను వేసి చూపించమనండి ఈ హిమాలయాల వాణ్ణి!"

"న్యాయమే," అన్నాడు మకరాంకుడు. "తీసుకురండి."

ఇద్దరు మనుషులు జీనును మోసుకొచ్చారు. బంగారు నెమలి ఎండకు ధగధగలాడింది. అది చూడగానే చుక్కడు రెండడుగులు వెనక్కి వేసింది. కొత్తగా నిండిన వీపు చర్మం మళ్ళీ అలలా వణకసాగింది. జీను ఆ వీపు మీద పడితే ఇన్ని రోజుల శ్రమా ఒక్క గడియలో పోతుంది. ఆపితే, ఎందుకు ఆపావని అడుగుతారు. జీను గాలిలోకి లేచింది.

"వెయ్యకండి!"

పన్నెండేళ్ళ మౌనవ్రతం భగ్నమైన ఆ మాటకు జీను మోస్తున్న ఇద్దరూ దాన్ని గాలిలోనే ఆపేశారు.

మాచన ముందుకు వచ్చి, గడ్డం ఊడబెరికి, యువరాజు పాదాల ముందు పెట్టాడు. "ప్రభూ, నేను స్వామిని కాను. జీనులు కుట్టే మాచనను. ఈ జీను కుట్టింది నేనే. మీ కొలతకు కుట్టాను గానీ వాడి కొలతకు కుట్టలేదు. వాడికి పట్టిన రాక్షసి నా జీనే. నా తల తీసుకోండి గానీ అది మాత్రం వాడి వీపు మీద వెయ్యకండి."

"ఆహా!" అని ఉలూకదత్తుడు తొట్టిలోనే గంతేశాడు. "రాజద్రోహి! ఒకే వేటుకు ఇద్దరి తలలూ..."

"ఆగు," అన్నాడు మకరాంకుడు. అతను జీను వంక కొంచెంసేపు చూశాడు. తరవాత, ఎవరూ ఊహించని విధంగా, నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. "వెయ్యండి. నా వీపు మీద."

"ప్రభూ!"

"వెయ్యండర్రా. వాడు నడిస్తే నేను నడిచాను. వాడు మోసింది నేనూ మొయ్యద్దా?"

వేశారు. నూకాలును పైన కూర్చోమన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపి, మొహమాటం లేకుండా ఎక్కి కూర్చుంది. వింజామర యువరాజు లాయంలో మూడడుగులు పాకి, నాలుగో అడుగులో "అమ్మో!" అని బోర్లా పడ్డాడు.

"నెమలి!" అని మూలిగాడు. "ఆ దిక్కుమాలిన నెమలి నా వెన్నులోకి దిగిపోయింది! నలభై అడుగులు మోసి ఉంటే పైన కూర్చున్నవాళ్ళను నేనే కందకం దాకా తన్నేవాణ్ణి. చుక్కడు నన్ను తొట్టిలో పడేసి ఊరుకున్నాడంటే వాడు ధర్మాత్ముడు." లేచి నడుము పట్టుకుని మాచన వంక తిరిగాడు. "అబద్ధమాడి లోపలికి వచ్చావు. నిజం చెప్పి తల మీదికి తెచ్చుకున్నావు. నీ తల పదమూడు రోజులు నీ దగ్గరే దాచు. కొత్త జీను కుట్టు. విజయదశమి నాడు చుక్కడు నొప్పి లేకుండా మూడు చుట్లు పూర్తి చేస్తే తల నీదే. చెయ్యకపోతే ఆచారం ప్రకారం వాడి వెన్ను ఉలూకదత్తుడిది. అప్పుడు నీ తలను నేను కూడా కాపాడలేను."

"కానీ వీపు కొలవరాదు!" అన్నాడు ఉలూకదత్తుడు తియ్యగా. "శాసనం! తాడు పెట్టరాదు, బద్ద పెట్టరాదు, జాన వెయ్యరాదు!"

అది కూడా నిజమే. లాయం నిండా నిట్టూర్పులు.

నూకాలు ముక్కు గోక్కుంది. "గారెల పిండి పెట్టరాదని ఉందా?"

శాసనం తెప్పించి ముగ్గురు పండితుల చేత చదివించారు. లేదు.

*

గట్టిగా రుబ్బిన మినప్పిండి రెండు గంపలు వచ్చింది. చుక్కడి వీపు మీద పలచటి తడిగుడ్డ పరిచి, దాని మీద నూకాలు వేలెడు మందాన పిండి తట్టింది. మూపు నుంచి నడుము దాకా, అటూ ఇటూ డొక్కల మీదికి. ఎండలో నాలుగు గడియలు నిలబెట్టి బెల్లం పెడుతూ కబుర్లు చెప్పారు. పిండి ఆరి పెచ్చు కట్టాక గుడ్డతో సహా ఎత్తారు. వెన్ను గీత, మూపు ఎత్తు, కుడి భుజం కంటే ఎడమ భుజం బొటనవేలంత లావు. అన్నీ అందులో అచ్చుపడ్డాయి. ఇన్నేళ్ళలో పట్టపు గుర్రం వీపు ఎలా ఉంటుందో వింజామర మొట్టమొదటిసారి చూసింది.

"చిల్లు పెట్టలేదేమే?" అన్నాడు మాచన భార్య చెవిలో.

"ఇంటికెళ్ళాక పెడతాలే. ముందు తల నిలబెట్టుకో."

ఆ అచ్చు మీద మాచన జీను కొయ్యను చెక్కాడు. వెన్ను మీద ఏదీ ఆనకుండా నడుమ బెత్తెడు సందు వదిలాడు, గాలి ఆడేలా. బరువంతా అటూ ఇటూ కండ మీద సమంగా పడేలా మెత్తటి వెంట్రుకలు కూరాడు. స్వామివారి గడ్డం కూడా అందులోకే పోయింది. బంగారం లేదు, నెమలి లేదు. చుక్కడు దాన్ని వాసన చూసి తుమ్మింది. వీపు మీద వేస్తే వణకలేదు. రోజుకు కాస్త, రోజుకు కాస్త, ముందు వట్టి జీను, తరవాత ఇసుక మూటలు, చివరికి మకరాంకుడు.

విజయదశమి వచ్చింది. మామిడాకుల తోరణాలు, పన్నీటి జల్లులు, మేడల మీద వేల కళ్ళు. ఎక్కడ చూసినా జరీ అంచులు, జమ్మి కొమ్మలు. ఏనుగుల నొసళ్ళ మీద చిత్రించిన పద్మాలను నిజమైన పద్మాలనుకుని తుమ్మెదలు మోసపోయాయని కవులు అక్కడికక్కడే ఆశువుగా చెప్పారు. సాయంత్రపు ఎండలో చుక్కడు బయలుదేరింది.

మొదటి చుట్టు నడకలో. రెండో చుట్టు పరుగులో. మాచన ఈశాన్య బురుజు దగ్గర నిలబడి, గుర్రం దాటిన ప్రతిసారీ దాని వీపు వంకే చూస్తున్నాడు. పక్కన నూకాలు చేతిలో బెల్లం ఉండ. మూడో చుట్టు. దక్షిణం దాటింది, పడమర దాటింది, ఉత్తరం దాటింది. తూర్పు ద్వారం ఇక నూరడుగులు.

అప్పుడు ఆకాశం చీకటైంది.

ఎద్దంత రాబందు, గడ్డంతో సహా, బురుజు మీది నుంచి దూకింది. చుట్టు పూర్తి కాకపోతే గుర్రం తనదే కదా! గోళ్ళతో మకరాంకుడి నడుము పట్టీ పట్టి ఎత్తింది. నెల రోజుల కింద అయితే ఎత్తలేకపోయేది. నూకాలు గురిచూసి బెల్లం ఉండ విసిరింది. సరిగ్గా కంట్లో! రాబందు కేక పెట్టింది, పట్టు జారింది, యువరాజు గడ్డివామి మీద పడ్డాడు. ఒంటికన్ను రాబందు గిర్రున తిరిగి, ఉండ విసిరిన చెయ్యే దొరకబుచ్చుకుని పైకి లేచింది.

"మావా!"

మాచన పుట్టి బుద్ధెరిగాక మూడు వందల జీనులు కుట్టాడు. ఒక్కదాని మీదా కూర్చోలేదు. ఇప్పుడు ఎలా ఎక్కాడో అతనికీ తెలియదు. చుక్కడు మాత్రం బెల్లం పెట్టే చెయ్యి ఆకాశంలోకి పోవడం స్పష్టంగా చూసింది. ఎవరూ అదిలించకుండానే దూసుకుపోయింది. రాబందు తూర్పుకు ఎగిరింది. చుక్కడు తూర్పు ద్వారం కిందికి దూరింది.

ధణ్ ధణ్ ధణ్!

నగారా కొట్టేవాడికి గుర్రాన్ని చూడటమే ఆచారం. పైన ఎవరున్నారో చూడమని ఎవరూ చెప్పలేదు. "మూడో చుట్టు పూర్తి!" అని ద్వారపాలకుడు గొంతు చించుకున్నాడు. "వింజామర మహారాజుకు జయము! జయము!"

"మహారాజెవడ్రా!" అని మాచన అరిచాడు. "నా పెళ్ళాన్నెత్తుకుపోతున్నాడ్రా!"

ఆచారం ప్రకారం వంతెన లేవడం మొదలైంది. గొలుసులు కిర్రుమన్నాయి. వంతెన కొసకూ అవతలి గట్టుకూ మధ్య పది మూరలు, కింద మొసళ్ళు. చుక్కడు ఆగలేదు. మాచన గుండె ఆగింది. తన ప్రాణం గురించి కాదు. నలభై రోజుల కింద ఈగను తోలలేని వీపు ఇది.

"మావా!" పైనుంచి, రాబందు గోళ్ళ మధ్య నుంచి నూకాలు గొంతు. "బస్తాలా కూలబడకు! రికాబుల మీద లే! వాడి వీపు వదులు చెయ్యి!"

మాచన లేచి నిలబడ్డాడు. కింద పొట్ట బిగిసింది. వీపు విల్లులా పైకి లేచింది, చక్కిలిగిలి పెట్టినప్పుడు లేచినట్టే. వెనక కాళ్ళు వంతెనను తన్నాయి. ఒక క్షణం గాలి, తామరల వాసన, తెరుచుకున్న మూడు నోళ్ళు. తరవాత అవతలి గట్టున నాలుగు గిట్టలూ దిగాయి.

మాచన కళ్ళు తెరవలేదు. చెయ్యి వెనక్కి పెట్టి, జీను కింద, మూపు వెనక తడిమాడు. వణుకు లేదు. వాపు లేదు. చుక్కడు తోకను ఒక్కసారి ఛెళ్ళున ఝాడించి, ఏటి ఒడ్డు పట్టుకుంది.

"కిరీటం, మహారాజా! కిరీటం!" అని వెనక గోడ మీద పండితులు గోల పెడుతున్నారు. గడ్డి దులుపుకుంటూ మకరాంకుడు వాళ్ళను అటూ ఇటూ నెట్టి బురుజెక్కాడు. "కిరీటం తరవాత!" అని రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరిచాడు. "మాచనా! మధ్య మధ్యలో నడిపించు! వాడికి నీళ్ళు పట్టించు!"

తూర్పు కొండల అంచున రాబందు గోరంత అయింది. అక్కడి నుంచి గాలిలో తేలుతూ, సన్నగా, నూకాలు గొంతు వినిపించింది.

"జీను ఎలా ఉంది, మావా?"

"కదలడం లేదే!" అని వింజామర కొత్త మహారాజు, గుర్రం జూలు రెండు చేతులా పట్టుకుని, అడవిలోకి దూసుకుపోయాడు.